మధు అతికించిన స్టిక్కర్

మధు కుర్చీ అంచున కూర్చున్నాడు. ఏ క్షణమైనా లేచి వెళ్లిపోవలసి వస్తుందన్నట్టు పనిముట్ల సంచిని ఒడిలోనే పెట్టుకున్నాడు.

సూర్యాపేటలోని ఆ ప్రైవేట్ డిటెక్టివ్ ఆఫీసు అహల్యది. సైదయ్య బస్సు కండక్టరుగా రిటైరై ఆమెకు సహాయకుడయ్యాడు. ముఖాలు చదవడంలో తనను మించినవారు లేరనుకునేవాడు, ఆమెను కలిసేదాకా.

"మఠంపల్లి దగ్గర కృష్ణ ఒడ్డున నా దోస్తు కార్తీక్‌కు టెంట్ల క్యాంపుంది మేడం," అన్నాడు మధు. "గాడ గ్రిల్లుకు వాడే చిన్న గ్యాస్ సిలిండర్లు నేనే చెక్ చేస్త. మొన్న శనివారం ఒకటి లీకై మంట లేచింది. వంట చేసే మంజులక్క చేతులు కాలినయ్. మంచిగుందని నేను ఏసే స్టిక్కరే దాని మీద ఉంది."

"నువ్వు చూసినప్పుడు బాగుందా?"

"మూడు చూసిన. సబ్బునీళ్లు పోస్తే ఒకదాని వాల్వు కాడ బుడగలొచ్చినయ్. లోపల రబ్బరు చీలింది. వాపస్ పంపమని పక్కకు పెట్టించిన. తతిమ్మా రెండిటికి స్టిక్కర్ ఏసిన. దసరాకు ముందు ముచ్చట." అతని గొంతు తగ్గింది. "లైసెన్స్ పోతది, కేసైతది. నా బాధ గది గాదు మేడం. దవాఖానకు పోతే మంజులక్క మొఖం తిప్పుకుంది."

"సిలిండర్ల నంబర్లు రాసుకోలేదా?"

"వేరే కాడ రాస్త. దోస్తు గదా, కార్తీక్ దగ్గర ఎందుకని రాయలే."

"అతనేమంటున్నాడు?"

"నాదే తప్పని ఒప్పుకొమ్మంటుండు. మిగతాది తను సూసుకుంటడట. కోదాడ కాలేజీల ఒకటే కంచంల తిన్నం మేడం."

మనిషి కొన్నిటిని తెలియక కాదు, తెలుసుకోవడం ఇష్టం లేక చూడడని అహల్యకు తెలుసు.

క్యాంపులో కార్తీక్ స్వయంగా ఎదురొచ్చాడు. కాలిన సిలిండర్ పైభాగం నల్లబడింది. నడుం దగ్గర పచ్చటి పసుపు పట్టె, దాని మీద చెక్కుచెదరని స్టిక్కర్. మరొకటి స్టిక్కర్‌తో గ్రిల్లు పక్కనే ఉంది. షెడ్డులో ఉన్న మూడోదానికి స్టిక్కర్ లేదు. పసుపు పట్టె మధ్యలో మాత్రం సిలిండర్ ఎర్ర రంగు నలుచదరంగా బయటపడి ఉంది. అహల్య దాన్ని ఒంటిచేత్తో ఎత్తి చూసింది. ఖాళీ.

"మధు పక్కన పెట్టమన్నది ఇదే," అన్నాడు కార్తీక్. "లీకయ్యి ఖాళీ అయినట్టుంది."

బుకింగులు చూసే అతని భార్య సుకన్య భయంగా జవాబులిచ్చింది. "శనివారం ఫుల్లు రష్. ఒక గ్రిల్లుకు గ్యాసయిపోయిందని గెస్టులు గొడవ చేశారు. కాసేపటికే మళ్లీ వెలిగించారండి. అప్పుడే మంట."

కోదాడ ఆసుపత్రిలో మంజుల రెండు చేతులకూ కట్లు. "స్టిక్కర్ లేనిది ముట్టకు అక్కా అని మధే నేర్పిండు. దేవుడొచ్చి సెప్పినా ముట్టనని కార్తీక్ సార్‌కు గూడ సెప్పిన. సూసే పెట్టిన. ఉంది స్టిక్కర్."

"దసరాకు పసుపు, బొట్లు పెట్టింది నువ్వేనా?"

"నేనే. పొయ్యికి, కత్తులకు, సిలిండర్లకు. పక్కకు పెట్టిన దాన్ని గూడ ఇడిసిపెట్టలే, పాపం గదా." ఆమె కొద్దిగా నవ్వింది. "గా దినం మధు రాలే, ఆళ్లు చర్చికి పోయేటోళ్లు. సార్‌వాళ్లు మిర్యాలగూడ పోయిన్రు."

తిరుగు దారిలో సైదయ్య ఉండబట్టలేకపోయాడు. "బొట్లెందుకమ్మా మనకు?"

"రోజూ చూసేదాన్ని ఎవరూ చూడరు సైదయ్యా."

మంజుల ఆసుపత్రి నుంచి ఇంటికి వచ్చాక అహల్య అందరినీ క్యాంపులో కూర్చోబెట్టింది. ఎస్సై కూడా వచ్చాడు. మూడు సిలిండర్లూ మధ్యలో ఉన్నాయి.

"మధు స్టిక్కర్ వేసింది పండగకు ముందు. మంజుల పసుపు పెట్టింది పండగనాడు. అంటే స్టిక్కర్ మీద పసుపు ఉండాలి." గ్రిల్లు పక్కనుండే సిలిండర్‌ను చూపించింది. దాని స్టిక్కర్ మీదుగా పసుపు గీత సాగింది. తర్వాత కాలినదాని స్టిక్కర్‌ను గోటితో లేపింది. పైన పసుపును తుడిచేసిన ఛాయ మాత్రమే ఉంది. కింద పసుపు, కుంకుమ.

"ఇది పండగ తర్వాత అతికించింది. ఎక్కడి నుంచి తీశారో షెడ్డులోని సిలిండర్ చెబుతుంది. పసుపు పట్టెలో సరిగ్గా స్టిక్కరంత ఖాళీ. శనివారం ఆ మంచిదాంట్లో గ్యాసయిపోయింది. చేతికందేలా నిండుగా ఉన్నది పనికిరానిదొక్కటే. స్టిక్కర్ లేకపోతే మంజుల ముట్టదు. ఆ సంగతి ఆమె ఎవరికి చెప్పింది?"

ఎవరూ కార్తీక్ వైపు చూడలేదు. అందుకే అతనే తలెత్తాడు.

"గెస్టులు మీదికొస్తుండ్రి," అన్నాడు. "గంత చిన్న రబ్బరు, ఏమైతది అనుకున్నరా."

"ఫోన్ చేస్తే నేనే ఇంకోటి తెస్తుంటి గదరా," అన్నాడు మధు. "తప్పు నాదని ఒప్పుకొమ్మన్నప్పుడు గూడ నీకేమనిపియ్యలేదా?"

ఎస్సై కార్తీక్ భుజం మీద చెయ్యి వేశాడు.

మంజుల తన కట్ల వైపు చూసుకుంది. "మధూ, జర నీళ్లు తాపు."

మధు కుండలోంచి గ్లాసుతో నీళ్లు ముంచాడు. ఆమె నోటి దగ్గరికి తీసుకెళ్లబోయి ఆగి, గ్లాసును వెలుతురుకెత్తి చూశాడు. కార్తీక్ దగ్గరి నీళ్లను అతను అలా పరీక్షగా చూడడం అదే మొదటిసారి.