పది యాభైకి ఎక్కిన బీపీ

ఐసీయూ మూడో బెడ్ మీద మనిషి ఉన్నాడు. ప్రాణమూ ఉంది. పొద్దున వచ్చిన తెలివే మాయమైంది.

మూడు రోజుల క్రితం గుండె ఆగి, మళ్ళీ కొట్టుకుంది. ఈ రోజు ఉదయం పదింటికి కళ్ళు తెరిచి, పక్కన స్టూల్ మీద కూర్చున్న భార్య వేలు నొక్కాడు. పన్నెండున్నరకి ఉలుకూ లేదు, పలుకూ లేదు.

"ఈ నర్సే మందు తగ్గించేసింది సార్! నా కళ్ళతో చూశాను!"

అంది భార్య. పోలీసులకి ఫోన్ చేసిందీ ఆమే. స్టూల్ మీంచి లేచి నిలబడి భర్త చెయ్యి అందుకుంది. ఇన్‌స్పెక్టర్ కాలుగాలిన పిల్లిలా మంచం చుట్టూ తిరుగుతున్నాడు. ఒకచోట నిలబడి ఆలోచించడం అతనికి చేతకాదు.

"తగ్గించారా?"

"తగ్గించానండీ," అంది నర్సు. "సగటు బీపీ డెబ్బై, ఎనభై మధ్య ఉంచమన్నారు డాక్టర్ గారు. అంతకు తగ్గితే మెదడుకి రక్తం చాలదు. పది యాభైకి ఉన్నట్టుండి తొంభై నాలుగుకి ఎక్కింది. అందుకే బీపీ పెంచే మందు కొంచెం కొంచెంగా తగ్గించాను."

"ఇప్పుడెంత?"

"డెబ్బై అయిదు."

మానిటర్ కూడా అదే అంటోంది. డాక్టర్ తల పట్టుకున్నాడు.

"పది యాభైకి ఇక్కడెవరున్నారు?"

"మా మరిది," అంది భార్య. "నోట్లో గొట్టానికి వేసిన ప్లాస్టర్ గడ్డానికి అంటుకోవడం లేదంటే, తనే గీస్తానన్నాడు. ఈ నర్సే ఒప్పుకుంది."

మరిది మూలన ఉన్నాడు. సెలూన్ నడుపుతాడు.

"వంగి గీశావా?"

"వంగితే నాకు చెయ్యి ఆడదు సార్. షాపులో కుర్చీ లేపినట్టే, బటన్ నొక్కి మంచం లేపాను."

"మళ్ళీ దించావా?"

మరిది తల అడ్డంగా ఊపాడు.

ఇన్‌స్పెక్టర్ మొదటిసారి ఆగాడు. మంచం పక్కన స్టాండ్‌కి బిగించిన చిన్న డబ్బాని చూపించాడు. "ఇదేంటి?"

"బీపీ సెన్సార్. చేతి రక్తనాళంలోని గొట్టం దీనికే వస్తుంది. ఇది గుండెకి సమానమైన ఎత్తులో ఉండాలి. కిందికుంటే బీపీ ఎక్కువ..." డాక్టర్ మాట సగంలోనే మింగేశాడు. "కఫ్ తెండి! త్వరగా!"

చేతికి కఫ్ కట్టి కొలిచారు. యాభై మూడు.

"పొద్దున ఈవిడ స్టూల్ మీద కూర్చునే వేలు పట్టుకుంది కదా," అన్నాడు ఇన్‌స్పెక్టర్. "ఇప్పుడు లేస్తే గానీ చెయ్యి అందడం లేదు. మంచం పైకెళ్ళింది. సెన్సార్ కిందే ఉండిపోయింది. అందుకే లేని బీపీ చూపించింది. దాన్ని నమ్మి ఉన్న మందు తగ్గించారు."

"మంచం కదిలితే సెన్సార్ సరిచూడాల్సింది నేనే," అంది నర్సు. "పక్క బెడ్ దగ్గరున్నాను. తిరిగొచ్చి అంకె ఒక్కటే చూశాను."

మంచం దించారు. మందు పెంచారు. బీపీ డెబ్బై రెండుకి రావడానికి పదకొండు నిమిషాలు పట్టింది. మెదడుకి ఎంత దెబ్బ తగిలిందో అప్పుడే చెప్పలేనన్నాడు డాక్టర్.

"నన్ను తీసుకెళ్ళండి సార్," అన్నాడు మరిది. "నా చేతులతో నేనే..."

ఒంటిగంట ఇరవై. డాక్టర్ వంగి గట్టిగా చెప్పాడు. "వేళ్ళు ముడవండి."

కదలిక లేదు. మళ్ళీ చెప్పాడు. లేదు.

భార్య మరిది చెయ్యి పట్టి లాగి, భర్త అరచేతిలో పెట్టింది.

"నువ్వు పిలువు, బాబూ."

"అన్నా..."

అన్న వేళ్ళు మెల్లగా ముడుచుకుని, ఆ చేతిని పట్టుకున్నాయి.