ఫ్యాను ఆర్పే ముందు

కారు వేడెక్కుతోందని కుముద దాన్ని సెల్విన్ షెడ్డుకు తీసుకుపోయింది. రాబర్ట్‌సన్‌పేటలో ఆ షెడ్డు తెలియనివాళ్లు లేరు. సెల్విన్ బానెట్ ఎత్తి, రేడియేటర్ వెనక ఫ్యానును వేలితో ఒకసారి తిప్పి చూశాడు.

"ఫ్యాను బాగానే ఉండాదక్కా. వేడెక్కినప్పుడు దాన్ని తిరగమని చెప్పే స్విచ్చే చచ్చిపోయింది. కొత్తది బెంగళూరు నుంచి రావాల, వారం పడతాది. అంతదాకా డాష్‌బోర్డు కింద చేతి స్విచ్చు ఒకటి పెట్టిస్తా. ఇంగ కారుకి బుద్ధి లేదు, మీ బుద్ధే దానిక్కూడా."

"ఉండే బుద్ధి నాకే చాలడం లేదప్పా," అంది కుముద. నవ్వు మాటలోనే ఆగిపోయింది, ముఖం దాకా రాలేదు.

బ్యాటరీ నుంచి నేరుగా వైరు లాగి, ఫ్యూజు వేసి, స్విచ్చు బిగించి చూపించాడు. వేడి చూపే ముల్లు సగం దాటితే వేయాలి. బండి ఆపాక మరిచిపోకుండా ఆర్పాలి.

"ఇది తాళంచెవి మాట వినదక్కా. ఇంజను ఆపినా తిరగతానే ఉంటాది. బ్యాటరీని తినేస్తాది."

"ఫ్యాను ఆర్పేది మా ఇంట్లో పెద్ద పని," అంది కుముద. సెల్విన్‌కు అర్థం కాలేదు.

నిజంగానే పెద్ద పని. కుముద నాన్న ఆదినారాయణప్ప ఒకప్పుడు ఆ ఊరి బంగారు గనిలో ఫ్యాను ఆపరేటరు. భూమి లోపలికి గాలి ఆడించే ఫ్యాను అది. దాని ఇల్లే కల్యాణమండపమంత ఉండేది. యాభై ఏండ్ల కిందట ఒకరోజు లోపల నిప్పంటుకుంది. గాలి అందితే మంట పెరుగుతుంది, ఫ్యాను ఆర్పెయ్యమన్నారు పైవాళ్లు. అందరూ పైకి వచ్చినారా అని అడగకుండా ఆయన ఆర్పేశాడు.

అందరూ రాలేదు.

ఎంతమంది మిగిలిపోయారో ఆయన ఇంట్లో ఎప్పుడూ చెప్పలేదు. ఆ తరువాత పైపని వద్దని, అడిగి మరీ లోపలి పనికి దిగాడు. ఆనాటి నుంచి ఆ ఇంట్లో ఏ ఫ్యానునూ ఊరికే ఆర్పరు. గడపలో నిలబడి, "లోపల ఎవరన్నా ఉండారా?" అని అడిగి, ఒక ఊపిరి సేపు ఆగి, అప్పుడు స్విచ్చు నొక్కాలి. గది ఖాళీగా కళ్లకు కనబడుతున్నా సరే. కుముద లంగా కట్టిన వయసు నుంచీ అడుగుతోంది. భర్త పోయి, బడిపంతులమ్మగా రిటైరై, నాన్న దగ్గరికి వచ్చాక కూడా అడుగుతూనే ఉంది. దేవుడి ముందు దీపం పెట్టినట్టే. జవాబు వస్తుందని కాదు.

కారు ఫ్యానును ఇన్నాళ్లూ కారే ఆర్పుకునేది. ఇప్పుడది మనిషి చెయ్యి ఆర్పాల్సిన ఫ్యాను అయింది.

మరునాడు మధ్యాహ్నం ఆదినారాయణప్పకు ఆయాసం ఎక్కువైంది. గని దుమ్ము తిన్న ఊపిరితిత్తులు, రెండేండ్లుగా ఆక్సిజన్ మీదే బతుకు. అంబులెన్సుకు ఫోను చేస్తే రెండు గంటలు పడుతుందన్నారు. కుముద ఆయన్ను ముందు సీటులో కూర్చోబెట్టి, చిన్న సిలిండర్‌ను కాళ్ల మధ్య నిలిపి, మాస్కు తగిలించింది. కోలారు ఆసుపత్రికి గంట దారి. సిలిండర్లో గంటకు పైన కొంచెం ఉంది, అంతే. ఆమెకు భయం వేయలేదు. భయం వేసే చోటు ఎప్పుడో మొద్దుబారిపోయింది. 'కోలారమ్మా' అనుకుని బండి తీసింది.

గనిలోంచి తీసి పోసిన సైనైడ్ దిబ్బలు దాటుతుంటే గాలి లేచి, తెల్లటి దుమ్ము అద్దాలను కప్పింది. అద్దాలన్నీ ఎత్తేసింది. బంగారుపేటకు ఇవతల రైలుగేటు పడి ఉంది. ముల్లు సగం దాటింది. కుముద ఫ్యాను వేసి, ఇంజను ఆపింది. రెండు పక్కలా మాలూరు ఇటుకల లారీలు వచ్చి ఆనుకుని నిలబడ్డాయి. పట్టపగలే అయినా కారు లోపల పొయ్యి వెనక గోడలా చీకటైపోయింది. ఒక గూడ్సు పోయింది. గేటు ఎత్తలేదు. ఇంకో రైలు రావాలట. ఇంజను కింద చుక్కలు చుక్కలుగా నీళ్లు రాలుతున్న చప్పుడు. దాని మీద ఫ్యాను రొద, ఎక్కడా ఆగని ఒకే స్వరం.

ఆదినారాయణప్ప కళ్లు తెరిచాడు.

"ఫ్యాను ఎవరు వేసినారు?"

"నేనే నాయనా. కారు ఫ్యాను."

"చేత్తోనా?"

"చేత్తోనే."

ఆయన చూపు డాష్‌బోర్డు మీదే నిలిపాడు.

ఇరవై నిమిషాలకు గేటు లేచింది. కుముద తాళం తిప్పింది. టక్. ఇంకోసారి. టక్... అంతే. ఫ్యాను బ్యాటరీని తినేస్తోంది. దాన్ని ఆర్పితేనే ఇంజను లేస్తుంది. సిలిండర్ ముల్లు ఎర్రగీతలోకి దిగింది. వెనక హారన్లు మొదలయ్యాయి.

"ఏమ్మా, ఈడనే సంసారం పెడతావా?" అని అరిచాడు వెనక లారీ డ్రైవరు.

చెయ్యి స్విచ్చు మీదికి పోయింది. నోరు దానంతటదే తెరుచుకుంది.

"లోపల ఎవరన్నా ఉండారా?"

ఒక ఊపిరి సేపు ఆగింది.

"ఉండామప్పా."

డాష్‌బోర్డు గాలి రంధ్రాల్లోంచి... చాలా లోతునుంచి. ఒక గొంతు. దాని వెనక ఇంకో గొంతు. "ఉండామప్పా..." మందు పేలిన పొగవాసన. తడిరాయి వాసన. ఎన్నాళ్లదో చెమట వాసన. కుముద వేలు స్విచ్చు మీదే ఉండిపోయింది. అమ్మా అనలేదు వాళ్లు. అప్పా అన్నారు, నాన్నకే జవాబిచ్చినట్టు.

ఆదినారాయణప్ప మాస్కు కిందికి లాక్కున్నాడు. "ఆర్పొద్దు," అన్నాడు గుసగుసగా.

"ఆర్పకుంటే బండి లేవదు నాయనా. నీకు గాలి అయిపోతా ఉండాది."

"వాళ్లకో?"

లారీవాడు మళ్లీ హారన్ కొట్టాడు. ఆయన పెదవులు నీలంగా మారుతున్నాయి.

"అయితే రమ్మను," అన్నాడు. "ఆర్పకముందే... పైకి రమ్మనమ్మా. నా దగ్గిరికి."

కుముద ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. నాన్న బతకాలి, అంతే. గడపలో నిలబడిన చుట్టాలను పిలిచినట్టు, మెత్తగా అంది. "రండి. అందరూ వచ్చేయండి."

కారు ముందువైపు కిందికి కుంగింది. కొంచెం... ఇంకొంచెం... ఆగి, ఇంకొంచెం. ఎవరో ఒకరి తరువాత ఒకరు ఎక్కి సర్దుకుంటున్నట్టు. ఆదినారాయణప్ప ప్రతిసారీ ఉలిక్కిపడి, నోరు తెరిచి, గాలి మింగాడు.

"అయింది," అన్నాడు చివరికి. "ఇంగ ఆర్పు."

ఆర్పింది. ఇంజను మొదటి తిప్పుకే లేచింది.

దారంతా బండి బరువుగా ఈడ్చుకుంటూ పోయింది. అద్దాలు లోపలినుంచి ఆవిరి పట్టాయి, ఆ ఎండలో. తుడిస్తే మళ్లీ పట్టాయి. కుముద అద్దంలో వెనక్కి చూడలేదు. కోలారు పొలిమేరలో సిలిండర్ బుసబుస ఆగిపోయింది. ఆయన ఛాతీ మాత్రం నెమ్మదిగా లేచి పడుతూనే ఉంది.

ఆసుపత్రిలో నర్సు ఆయన వేలికి క్లిప్పు పెట్టి ఆక్సిజన్ అంకె చూసి నవ్వింది. "తొంభై ఎనిమిది! ఏం తాతా, కాఫీ తాగి పోదామని వచ్చినావా?"

ఆయన మంచం మీద పసిబిడ్డలా నిద్రపోతున్నాడు. పెదవులకు ఎరుపు తిరిగింది. కుముద ఏడవాలనుకుంది. రాలేదు. పక్కన స్టూలు మీద కూర్చుని ఆయన పాదం పట్టుకుంది.

డ్యూటీ డాక్టరు చిన్మయ్, ఇంకా మీసాలు సరిగ్గా రాని పిల్లవాడు, స్టెతస్కోపు ఛాతీ మీద పెట్టాడు. పక్కకు జరిపాడు. ఇంకా పక్కకు. చెవుల్లోంచి తీసి, చొక్కాకు తుడిచి, మళ్లీ పెట్టుకున్నాడు. చాలాసేపు విన్నాడు. తరువాత తలెత్తి కిటికీ వైపు చూశాడు. బయట ఇంకా ఎండ ఉంది.

"పగలే కదమ్మా ఇప్పుడు?" అన్నాడు.

"పగలే సార్."

అతను ఆమె ముఖంలోకి చూడలేదు. ముసలాయన ఛాతీ దగ్గరికి వంగి, చెవిటివాళ్లకు చెప్పినట్టు విడమరిచి అన్నాడు.

"పగలే."

మళ్లీ విన్నాడు. స్టెతస్కోపు పట్టుకున్న చెయ్యి కదలలేదు.

"లోపల ఇంగొకరు అడగతా ఉండారు, పగలా రాత్రా అని," అన్నాడు.