ఒట్టు పెట్టని కోడలు

ఆదివారం పొద్దున సింగపూర్‌లో, యీషున్‌లోని ఆ ఫ్లాట్‌లో ఇడ్లీలు చల్లారిపోతున్నాయి. తినాల్సిన ఇద్దరు పెద్దమనుషులూ వాదనలో ఉన్నారు మరి. ఒకరు ఇంటిపెద్ద పైడిరాజు, గుడికి వెళ్ళి వస్తేగానీ కాఫీ ముట్టని మనిషి. రెండోవారు వియ్యంకుడు రాజారావు, బిషాన్ నుంచి పొద్దున్నే ట్రైన్ పట్టుకుని దిగబడ్డారు. స్కూల్లో డిసిప్లిన్ మాస్టరుగా చేసి రిటైరైన ఆయనకు రూలే దేవుడు. పిల్లలు ఇంటికి రావాల్సిన వేళ దగ్గర్నుంచి వేసుకునే బట్టల దాకా ఒక్క మాట మీదుండే ఈ పాతకాలపు బావగార్లకి దేవుడి దగ్గర మాత్రం చెడింది.

తగువంతా రాజారావు కూతురు, ఈ ఇంటి కోడలు ఉదయశ్రీ గురించే. హైకోర్టు జడ్జి పదవికి ఆమె పేరు ప్రతిపాదించారు. రేపటికల్లా ఔనో కాదో చెప్పాలి.

"మన వంశంలో ఎవరూ ఎక్కని కుర్చీ. దేవుడి పేరు చెప్పి ప్రమాణం చేసి ఎక్కాల," అన్నారు పైడిరాజు.

"బావగారూ, రేపు దాని ముందు మలయ్ వాళ్ళు నిలబడతారు, చైనీస్ వాళ్ళు నిలబడతారు. జడ్జి అందరికీ కామన్. మనస్సాక్షిగా అంటే చాలు. కోర్టులోకి దేవుణ్ణి లాగితే నేను ఆ ఫంక్షన్‌కి రాను, మా అమ్మ తోడు."

"దేవుడి మీద ఒట్టు, ఆయన పేరు ఎత్తకపోతే నేనూ రాను."

"తాతా, వాల్యూమ్ కొంచెం డౌన్ లా. పక్కింటి ఆంటీ వింటోంది," అంది ఉదయశ్రీ కూతురు అనన్య, సింగపూర్ పిల్లల యాసలో.

ఉదయశ్రీ చేతిలో గరిటె పక్కన పెట్టింది. "మీ ఇద్దర్లో ఎవరు రాకపోయినా నాకా కుర్చీ వద్దు. రేపు కాదని రాసేస్తాను."

ఇన్నేళ్ళ కష్టం ఒక్క ముక్కతో పోతుందని తెలిసే అంది. పెద్దవాళ్ళిద్దరూ ఆమె మొహం చూడలేక ప్లేట్లలోకి చూశారు.

పూజ ముగించుకుని పైడిరాజు భార్య ఆండాళమ్మ ఇవతలికి వచ్చింది. భక్తిలో భర్త కంటే రెండాకులు ఎక్కువే చదివిన మనిషి. ఇక కోడలికి చీవాట్లు తప్పవనుకున్నారంతా.

"ముందు మీ ఒట్లు తీసి గట్టున పెట్టండి," అందావిడ. "ఏమండీ, మన అబ్బాయి వికాస్ చిన్నప్పుడు దేవుడి తోడు అన్నాడని మీరే కదా వీపు మీద రెండు అంటించారు? అయినదానికీ కానిదానికీ దేవుణ్ణి సాక్షికి పిలవకూడదని చెప్పలేదూ?"

రాజారావు నవ్వు ఆపుకోలేకపోయారు.

"మీరు నవ్వకండి అన్నయ్యగారూ. దేవుడి పేరే వద్దంటూ అమ్మ తోడంటారు మీరు."

ఆండాళమ్మ కోడలి పక్కన కూర్చుంది. "ఈ పిల్ల నోట నేనెప్పుడూ ఒట్టన్న మాట వినలేదు. నా గుండె ఆపరేషన్‌ నాడు, కళ్ళు తెరిచేసరికి ఉంటానత్తయ్యా అంది. ఉంది. కోర్టు బట్టలైనా మార్చుకోకుండా కుర్చీలో కూర్చునే నిద్రపోతోంది. ఆ మాటకి సాక్షి ఎందుకు? మనస్సాక్షిగానే చెప్పమ్మా. దేవుడికి నీ తరఫున నేను చెప్పుకుంటాను."

పైడిరాజు ఇడ్లీ ప్లేటు దగ్గరికి లాక్కున్నారు. "ఆ ఫంక్షన్‌కి నేను ఏ చొక్కా వేసుకోవాల?"

ఉదయశ్రీ అత్తగారి ఒళ్ళో తల పెట్టి ఏడ్చేసింది. ఇలాంటి ఇంట్లో పడ్డందుకు ఎవరికి దణ్ణం పెట్టాలో ఆమెకు తెలియలేదు.

"పూజలు రావని, గుడికి సరిగ్గా రానని నా మీద మీకు కోపమనుకున్నానత్తయ్యా."

"కోపమే," అంది ఆండాళమ్మ ఆమె జుట్టు నిమురుతూ. "కానీ కష్టమొస్తే నా నోట దేవుడి కంటే ముందు నీ పేరే వస్తోంది. ఏం చెయ్యమంటావు?"