మధ్య పెట్టె

ఉదయం తొమ్మిదింటికి ఇంజనీరు శవం లిఫ్టులో దొరికింది. తొమ్మిదీ ఐదుకి ఏజెంట్ ‘సూది’కి ఫోన్ వచ్చింది.

“ఉమ్ముతో క్యాన్సర్‌ని ముందే పట్టేసే పెట్టె తయారుచేసింది ఆయనే,” అన్నాడు చీఫ్. “సరిగ్గా పదింటికి ల్యాబ్ కేబుల్‌కి తగిలించి ఉన్న పెట్టె ప్రోగ్రాం ఫ్యాక్టరీలో ముప్ఫైవేల పెట్టెల్లోకి కాపీ అవుతుంది. టైమర్ లాకైంది, ఆపలేం. ఇప్పుడు ల్యాబ్ టేబుల్ మీద మూడున్నాయి. రెండు నకిలీవి. నోటికొచ్చిన రిజల్ట్ చెబుతాయి.”

“అసలుది ఏదో ఎవరికి తెలుసు?”

“మార్చినదానికే. నెమలికి.”

నెమలి ఆ ల్యాబ్‌లో టెక్నీషియన్. ఇటు మన జీతం, అటు విదేశీ ముఠా జీతం తీసుకునే అందగత్తె. సూది లిఫ్టు మెకానిక్ వేషంలో వెళ్లి ఆమెను కుర్చీకి కట్టేశాడు.

“నా నోట్లో నువ్వుగింజ నానదంటారు,” అని నవ్విందామె. “ఇవాళ మాత్రం నానుతుంది నాయనా. కొట్టుకో.”

సూది కొట్టలేదు. చూస్తూ కూర్చున్నాడు. నవ్వు ఆగినప్పుడల్లా ఆమె నాలుక ఎడమ బుగ్గని లోపలినుంచి తడుముతోంది.

“పుండా? ఎన్నాళ్లయింది?”

ఆమె నవ్వు ఆగిపోయింది.

అతను ఆమె ముక్కు మూసి నోరు తెరిపించాడు. మూడు దూదిపుల్లలు ఆ బుగ్గకే రాసి, సబ్బుపెట్టెంత యంత్రాల్లో తలా ఒకటి పెట్టి, తెరలు తనవైపు తిప్పుకున్నాడు. ఇరవై నిమిషాల పరీక్ష.

తొమ్మిదీ యాభై ఎనిమిది.

“రెండు పచ్చ, ఒకటి ఎరుపు. ఎరుపంటే క్యాన్సర్,” అన్నాడు. “ఏది నమ్మాలో నాకు తెలీదు. నీకు తెలుసు.”

“అబద్ధం.”

“అయితే సరే.” గడియారం చూసుకున్నాడు. “నాకు తొందరేం లేదు.”

ఆమె నాలుక మళ్లీ ఎడమ బుగ్గకి వెళ్లింది. ఈ ఒక్క ప్రశ్న దగ్గర అబద్ధమాడి ఆమెకి లాభం లేదు. ఆడితే మోసపోయేది తనే.

“మధ్యది! మధ్యదే అసలుది! ఏం చూపించింది? చెప్పు!”

ఇంకా నాలుగు సెకన్లు. సూది మధ్య పెట్టెకి కేబుల్ గుచ్చాడు. కాపీ మొదలైంది.

“తెర ఇటు తిప్పు! నీకు దణ్ణం పెడతాను, తిప్పవయ్యా!”

అతను తెరమీద బొటనవేలు అడ్డంపెట్టి, కాపీ పూర్తవగానే పెట్టె జేబులో వేసుకుని బయటికి నడిచాడు. ఆమె అరుపులు మెట్లదాకా వినిపించాయి.

కింద కారులో చీఫ్ పెట్టె తీసి చూశాడు. “పచ్చే కదయ్యా! పాపం, ఆ ముక్క చెప్పేస్తే ఏం పోయింది?”

“చెబుదాం సార్,” అన్నాడు సూది, సీటుబెల్టు పెట్టుకుంటూ. “జైలు అడ్రసుకి. మామూలు పోస్టులో.”