ఆదిమూలం పట్టుగూళ్లు

నమ్మనివాళ్లు ఇప్పుడే లేచి పోవచ్చు. మధ్యలో ‘మునెయ్య కోతలు కోస్తాడు’ అంటే ఊరుకోను. పలమనేరు నుంచి చంద్రగిరి దాకా, మరిగే నీళ్లలో చెయ్యి పెట్టి, కళ్లు మూసుకుని పట్టుగూటి దారం కొస పట్టగలిగినవాణ్ణి నేనొక్కణ్ణే. సరే, ఇద్దరం. రెండోవాడు నాతో పనిచేసే ఆదిమూలం.

మేం పట్టుదారం తీసే షెడ్డు పక్కనే మహిత మేడమ్ ప్రయోగశాల. మనిషి చర్మంలోని ప్రోటీన్‌ను పట్టుపురుగు చేత తయారు చేయించాలని ఆమె పంతం. ఆ దారంతో గాయాలకు కట్టు కడతారట. ఆదిమూలం తన మోచేతి దగ్గరి చర్మం ఇంత ఇచ్చాడు. అందులోని జన్యువును పురుగుల గుడ్లలోకి ఎక్కించారు. ఆ పురుగులు గూళ్లు కట్టకముందే ఆదిమూలం మరిగే తొట్టిలో పడి చచ్చిపోయాడు. కాలు జారిందన్నాడు సూపర్‌వైజర్ ధనశేఖర్. చూసింది అతనొక్కడే.

మొదటి గూళ్లు తొట్టిలో వేసింది మిట్టమధ్యాహ్నం. షెడ్డంతా ఆవిరి. ఎప్పుడూ కొట్టే పురుగుల కంపు లేదు... ఆదిమూలం బీడీ వాసన.

కొస దొరికింది. జారిపోకుండా, అలవాటు ప్రకారం, చూపుడువేలికి ఒక చుట్టు చుట్టాను.

ధనశేఖర్ తొట్టి మీదికి వంగాడు. “ఏం ముసలోడా, సేతులు వణకతా ఉండాయా?”

దారం బిగిసింది. నిప్పు మీద తోలు ముడుచుకున్నట్టు... రెండో కొస నీళ్లలోంచి లేచింది. అతని మెడకు చుట్టుకుంది.

“మునెయ్యా...” తొట్టిలోంచి గుసగుస. “కొస వదలొద్దప్పా.”

“వదులు!” ధనశేఖర్ కళ్లు బయటికొచ్చాయి. “నేనే... తోసినాను... వదులు నాయనా!”

ఒక్క చుట్టు విప్పితే చాలు. బతికేవాడు. కానీ వంద ఎద్దులు లాగినా కదలని చెయ్యి నాది.

కదపలేదు.

అతని ముఖం నీళ్లలోకి దిగింది. అరుపు బుడగలైంది. చర్మం గూటిపొరలా ఊడి తేలింది... దారం నా వేలిని కూడా తెగ్గోసుకుని పోయింది.

మహిత మేడమ్ పరుగెత్తుకొచ్చి, చేతికందిన ఆ దారంతోనే నా మొండివేలికి కట్టు కట్టింది.

పదిరోజులకు విప్పాం. వేలుంది. గోటితో సహా.

మొన్న రేషనంగట్లో వేలిముద్ర మిషన్ మీద ఆ వేలు పెట్టాను. నా కార్డుకు ఒప్పుకోలేదు. మూడుసార్లు పెట్టాను.

“ఆదిమూలం కార్డు నంబరు కొట్టప్పా,” అన్నాను మెల్లగా.

డీలరు కొట్టాడు. పచ్చలైటు వెలిగింది.

నమ్మరా? డీలరు ఇంకా బతికే ఉన్నాడు, వెళ్లి అడగండి. అతని పేరు మునిరామయ్య.