వేగిస సీసా

"వేగిస సీసా పోయింది, రంగనాథా!"

ఆదోని మార్కెట్ యార్డులో పత్తి దళారి వేషంలో నిలబడిన సీక్రెట్ ఏజెంట్ రంగనాథ తలపాగాలోంచి చీఫ్ గొంతు గుసగుసలాడింది. ట్రాన్స్‌మిటర్ ఆ పాగాలోనే ఉంది. నమ్మనివాళ్లు 1985 మార్చిలో ఆదోని వచ్చి చూసుకోవాల్సింది.

షుగర్ జబ్బువాళ్లు వేగిస చెక్క గ్లాసులో నీళ్లు పోసుకుని తాగుతారే, ఆ చెట్టు. విత్తనం వేస్తే సరిగ్గా మొలవదు. ఎమ్మిగనూరు ల్యాబులో సైంటిస్టు సుభద్రమ్మ పదేళ్లు తంటాలు పడి, చిగురు ముక్కను గాజు సీసాలో, జెల్లీ మీద పెంచింది. టిష్యూ కల్చర్! ఒక్క చిగురుతో వెయ్యి మొక్కలు. బూజు పట్టకుండా మిగిలింది ఆ ఒక్క సీసానే. దాన్ని విదేశీ ముఠా కొట్టేసింది. ఇవాళ యార్డులోనే చేతులు మారుతుందట.

రంగనాథకు అందరిమీదా అనుమానమే. బస్తాలు మోసే తిమ్మన్న మీద అనుమానం. తూకం రాయి మీద అనుమానం. పక్కనే నల్లకళ్లద్దాలు పెట్టుకుని మెరిసిపోతున్న పద్మాబాయి మీద మాత్రం లేదు. ఢిల్లీ పంపిన తోటి ఏజెంటు, నెలల తరబడి యార్డులోనే మకాం. ఆమెను అనుమానించకపోవడమే అతను చేసిన తప్పు.

బొంబాయి సేటునంటూ ఒక గడ్డపాయన వచ్చాడు. ఆ యార్డులో ధర పైకి చెప్పరు. తుండుగుడ్డ కింద చేతులు కలిపి, వేళ్లు నొక్కి బేరమాడతారు. రంగనాథ తుండు కప్పి వేళ్లు పట్టుకున్నాడు.

"ఫైవ్ హండ్రెడ్!" అని అరిచాడు సేటు.

యార్డంతా ఇటు తిరిగింది.

"రేటు నోటితో సెప్తాడేందప్పా!" పాత దళారి గులాం మొహిద్దీన్ సేటు గడ్డం పట్టి లాగాడు. గడ్డం చేతికొచ్చింది. "వీడు పత్తి యాపారి కాదు. పట్టుకోండ్రా!"

సీసా అందుకోవాల్సిన ముఠా మనిషి దొరికిపోయేసరికి పద్మాబాయి చేతిసంచిలోంచి సీసా తీసింది. డబుల్ ఏజెంట్!

"కదిలితే మూత తీస్తా!"

పిస్తోలైతే రంగనాథ నవ్వేవాడే. మూత తీస్తే మాత్రం యార్డులో దూదిదుమ్ము చాలు, సీసా నిండా బూజు. సుభద్రమ్మ పదేళ్లు గోవిందా.

మెల్లగా ఆమె చేతులమీద తుండు కప్పాడు.

"వాళ్లెంతిస్తామన్న్యారక్కా? మేం ఇంతిస్తాం." వేళ్లు నొక్కాడు.

బేరం రుచి మరిగిన మనిషి. ఇంకా ఎక్కువ అడగడానికి పద్మాబాయి కుడిచెయ్యి మూతను వదిలి అతని వేళ్లు వెతుక్కుంది. ఆ రెప్పపాటులో రంగనాథ ఎడమచెయ్యి సీసాను లాగేసింది.

జీపు దిగి పరుగెత్తుకొచ్చిన సుభద్రమ్మ సీసాను వెలుగుకెత్తి చూసింది. చిగురు పచ్చగా ఉంది. శభాష్ అంటుందని రంగనాథ ఛాతీ విరిచాడు.

"సీసా ముట్టుకునే ముందు చేతులు కడుక్కున్న్యావా, నాయనా?"

మార్చి నెలలో ఆదోని కుళాయిలోంచి నీళ్లు రప్పించడం ఏ గూఢచారి వల్ల అవుతుంది?