వెనక వరసలో మధ్య సీటు

ఎడారి అంచున ఉన్న దూజ్ ఊళ్ళో లువాజ్ అడ్డా దగ్గర పొద్దున్నే ఉండే గోల ఇంతా అంతా కాదు. "తూనిస్! తూనిస్! ఇంకొక్కరే!" అని డ్రైవర్లు గొంతులు చించుకుంటూ ఉంటారు. ఆ ఒక్కరి కోసం గంటసేపు కూర్చోబెడతారు. లువాజ్ అంటే అంతే మరి, ఎనిమిది మంది నిండితే తప్ప చక్రం కదలని తెల్ల వ్యాను. ఆ గోల మధ్యలో జుహైర్ సైకిల్ పట్టుకుని, ఎవరి పెళ్ళికో వచ్చి దారి తప్పినవాడిలా నిలబడ్డాడు.

"ఏంటన్నా, హమ్మామ్ లిఫ్ నుంచి ఇక్కడిదాకా తొక్కావా? ఆ తొక్కేదేదో తిరిగి కూడా తొక్కచ్చుగా!" అన్నాడు మొన్సెఫ్ అనే డ్రైవరు, బండి పైకప్పు మీద గోనెపట్టాలు పరుస్తూ.

"గాలి ఎదురొస్తుంది" అన్నాడు జుహైర్.

"గాలికి భయపడే మగాడు సైకిలెందుకెక్కాలి?" అని నవ్వి, కిందికి వంగి చేతులు చాపాడు. "ఊఁ, ఎత్తండి ఇద్దరూ."

ఎత్తితే తేలిగ్గానే లేచింది. మొన్సెఫ్ తాడు బిగిస్తుంటే, "గేర్ల మీంచి కట్టకు తమ్ముడూ, వంగిపోతాయి. అది నాది కాదు" అన్నాడు జుహైర్. ఆ ఒక్క విషయంలోనే కాస్త ప్రాణం ఉన్నట్టు మాట్లాడాడు.

నిజమే, అది అతనిది కాదు. ఖమైస్‌ది. ఇరవై ఏళ్ళ స్నేహం వాళ్ళది. ఉత్తరపు గాలి వీపున తోస్తుంటే దూజ్ దాకా ఒకవైపే తొక్కుకుంటూ పోయి, సైకిళ్ళు బండి మీద పడేసి తిరిగి రావాలని ఎన్నాళ్ళుగానో అనుకున్నారు. చలికాలంలో ఖమైస్‌కి జ్వరం వచ్చింది, పోయాడు. అంతే, చెప్పడానికింకేం లేదు. నలభయ్యో రోజు అయ్యాక అతని భార్య డోర్సాఫ్ ఈ సైకిల్ తెచ్చి జుహైర్ చేతిలో పెట్టింది. "ఆయన వెళ్దామనుకున్న చోటికి తీసుకెళ్ళన్నా. కానీ తిరిగి తెచ్చెయ్. ఆయనదంటూ నాకు మిగిలింది ఇదొక్కటే" అంది. తెస్తానని మాటిచ్చాడు.

తొక్కాడు. ఏడుపు రాలేదు. ఆకలీ సరిగా వేయలేదు. లోపలంతా మొద్దుబారిపోయి ఉంది, పన్ను పీకించుకున్నాక దవడ ఉంటుందే, అలా. తనకే తన మీద విసుగేసింది. ఇదేం స్నేహంరా, కన్నీటి చుక్క కూడా రాదా అనుకున్నాడు.

ఒక్కసారి మాత్రం... జరీద్ ఉప్పుబీడు మీద. అటు చూస్తే తెలుపు, ఇటు చూస్తే తెలుపు, మధ్యలో గీత గీసినట్టు రోడ్డు. వెనక నుంచి గంట మోగింది. సైకిల్ గంట, రెండుసార్లు. అది వాళ్ళిద్దరి అలవాటు. వెనకున్నవాడు రెండు గంటలు కొట్టాడంటే, నీ వెనకే ఉన్నాలే, తిరిగి చూడక్కర్లేదు అని. జుహైర్ తిరిగి చూడలేదు. "రారా... ఇంటికెళ్దాం" అన్నాడు. అనేసి ఇంకాస్త జోరుగా తొక్కాడు.

వ్యాన్లోకి ఎక్కారు. ముందు ఇద్దరు, మధ్య వరసలో ముగ్గురు, వెనక వరసలో ఇటు కిటికీ దగ్గర జుహైర్, అటు కిటికీ దగ్గర ఖజ్జూరాల బుట్టతో మబ్రూకా అనే ముసలావిడ. మధ్య సీటు ఖాళీ. మొన్సెఫ్ వేలితో అందరినీ లెక్కపెట్టి, "ఎనిమిది! బిస్మిల్లా!" అని తలుపు లాగాడు. సైకిల్‌కి కూడా ఒక సీటు లెక్కేశాడు కాబోలు, గడుసువాడే అనుకున్నాడు జుహైర్. అడిగే ఓపిక లేదు.

బండి కెబిలి దాటింది. ఎక్కడో తడి ఉప్పుమట్టి వాసన వేసింది. కిటికీలన్నీ మూసే ఉన్నాయి. మబ్రూకా బుట్ట విప్పి జుహైర్ చేతిలో నాలుగు ఖజ్జూరాలు పెట్టింది. మధ్య సీటు మీద ఇంకో నాలుగు పెట్టింది. "తినండి నాయనా, మా తోటవే" అంది. ముసలామెకి చూపు ఆనదేమోనని ఊరుకున్నాడు. కాసేపయ్యాక చూస్తే సీటు మీద గింజలున్నాయి.

గాబెస్ దగ్గర ఇసుకగాలి అందుకుంది. మిట్టమధ్యాహ్నమే దీపాలు వేసుకుని నడపాల్సి వచ్చింది. స్ఫాక్స్ దాటాక ఒక టీ కొట్టు దగ్గర బండి ఆపారు. జుహైర్ దిగి గోడ చాటున నిలబడ్డాడు. మొన్సెఫ్ టీ గ్లాసు అందిస్తూ, "మీవాడు దిగడా అన్నా? టీ కూడా వద్దంటాడేంటి, అలిగాడా?" అన్నాడు.

"ఎవరు?"

"ఎవరేంటి! నీతో ఎక్కినాయన. పొద్దున సైకిల్ రెండో వైపు పట్టుకుని ఎత్తింది ఎవరు మరి, మా తాతా?"

జుహైర్ బండి వైపు చూశాడు. వెనక అద్దం నిండా దుమ్ము. దుమ్ము వెనక, మధ్యలో, ఒక తల నీడ...

భయం వేయాలి. వేయలేదు. గుండెల మీంచి బండరాయి ఎవరో దించినట్టయింది. అన్నాళ్ళూ రాని ఏడుపు అప్పుడొచ్చింది. గ్లాసు అక్కడే పెట్టేసి, పరుగులాంటి నడకతో వెళ్ళి తన సీట్లో కూర్చున్నాడు. మధ్య సీటు ఖాళీగానే ఉంది. కానీ మెత్త కిందికి కుంగి ఉంది.

"ఖమైస్... నువ్వేరా?" అన్నాడు గుసగుసగా.

ఉప్పు వాసన కాస్త దగ్గరికి వచ్చింది.

"పలక్కపోతే పోనీలే. ఇంటికే వెళ్తున్నాం. డోర్సాఫ్ ఎదురు చూస్తుంటుంది. నీ చిట్టితల్లి నూర్హెన్‌కి ముందు పళ్ళు ఊడాయిరా, నవ్వితే ముసలమ్మలా ఉంది" అని మొదలుపెట్టాడు. ఇక ఆగలేదు. బండి కదిలింది, అతను చెబుతూనే ఉన్నాడు. సందు ఎక్కడ తిరగాలో, నీలం తలుపు ఇప్పటికీ ఎలా మొరాయిస్తోందో, తను ఆ ఇంటికి ఏ వేళకి వెళ్తాడో, డోర్సాఫ్ తనని ఏమని పిలుస్తుందో, పాపకి ఏ కథ చెబితే నిద్రపోతుందో. తన చిన్నప్పటి సంగతులు, తన అమ్మ పేరు, అన్నీ. పిచ్చివాడు, ఎన్నాళ్ళ మాటలో అవి! చెప్పినకొద్దీ లోపల ఖాళీ అవుతున్నట్టు ఉంది, హాయిగా ఉంది. సూస్ దాటేసరికి గొంతు బొంగురుపోయింది. ఇసుక అనుకున్నాడు.

మాటలు అయిపోయాక కళ్ళు మూసుకున్నాడు. మబ్రూకా కిసుక్కున నవ్వింది.

"అబ్బబ్బ, ఎన్ని కబుర్లు వచ్చురా నీకు! పొద్దున్నుంచీ మూగవాడివనుకున్నాను" అంటోంది, మధ్య సీటు వైపు తిరిగి.

ఖమైసే, సందేహం లేదు అనుకున్నాడు జుహైర్. వాడు వాగుడుకాయ. ముసలామెకి వినిపిస్తోంది, తనకే వినిపించడం లేదు. అయినా ఫరవాలేదు. కాళ్ళు తిమ్మిరెక్కాయి. చేతులు కూడా. పోనీ, ఇంటికి చేరిపోతున్నాం కదా.

తూనిస్‌కి కాస్త ముందే, హమ్మామ్ లిఫ్ మలుపు దగ్గర బండి ఆగేసరికి పొద్దుగూకి, మగ్రిబ్ అజాన్ అప్పుడే ముగిసింది. వీధి దీపాలు వెలిగాయి. మొన్సెఫ్ సైకిల్ దింపి గోడకి ఆనించి, "జాగ్రత్తన్నా!" అన్నాడు. జుహైర్ వైపు కాదు, అతని పక్కకి చూసి. జుహైర్ చెయ్యి చాపాడు. మొన్సెఫ్ ఆ చేతిని చూడకుండానే బండెక్కేశాడు.

మబ్రూకా కిటికీలోంచి తల బయటపెట్టింది. ఆమె కూడా ఆ పక్కకే చూసింది.

"వెళ్ళిరా జుహైర్ నాయనా! నూర్హెన్ పాపని ముద్దాడానని చెప్పు!"

బండి వెళ్ళిపోయింది.

జుహైర్ అక్కడే నిలబడ్డాడు. ఖమైస్ అయితే... తన పేరు జుహైర్ అని ఎందుకు చెబుతాడు?

అప్పుడు వేసింది భయం. ఉప్పుబీడు మీద తను తిరిగి చూడలేదు. ఎవరని అడగలేదు. రమ్మన్నాడు. దారంతా ఇంటి గుట్టు చెప్పాడు.

పక్కన ఎవరూ లేరు. ఉప్పు వాసన సందులో ముందుకి పోతోంది. తనకంటే వేగంగా...

సైకిల్ తోసుకుంటూ పరుగెత్తాడు. పాదాలు నేలకి తగులుతున్నట్టే లేదు. చేపలు వేయిస్తున్న వాసనలు, టీవీ శబ్దాలు, అరుగు మీద కబుర్లాడుతున్న ఆడవాళ్ళు. ఒక్కరూ తలెత్తలేదు. మలుపు. ఇంకో మలుపు. నీలం తలుపు.

మూసి ఉంది. లోపల చెంచాల చప్పుడు.

"ఇంకాస్త వేసుకో అన్నా, అలిసిపోయి వచ్చావు" అంటోంది డోర్సాఫ్.

"చాలమ్మా. దారంతా ఖజ్జూరాలే."

ఆ గొంతు జుహైర్‌ది. తను పొద్దున లేచిన దగ్గర్నుంచి, కాదు, పుట్టిన దగ్గర్నుంచి మోసిన గొంతు.

తలుపు బాదాడు. "డోర్సాఫ్!" అని అరిచాడు. నోరు తెరుచుకుంది, గాలి వచ్చింది. అంతే.

"ఎవరో తలుపు కొట్టారు కదూ?"

"గాలమ్మా."

"సైకిల్ ఏదన్నా? చూడందే నాకు ముద్ద దిగదు."

"బయట గోడకి ఆనించాను. తెచ్చుకో."

తలుపు మొరాయించి తెరుచుకుంది. డోర్సాఫ్. ఆమె వెనక కొంగు పట్టుకుని నూర్హెన్. జుహైర్ రెండు చేతులతో హ్యాండిల్ పట్టుకుని ఆమెకి ఎదురుగా నిలబడి ఉన్నాడు, చెయ్యి చాపితే అందేంత దగ్గర. ఆమె కళ్ళు సైకిల్ మీదే ఆగాయి. "వచ్చేశావా..." అని సీటు మీద చెంప ఆనించి ఏడ్చింది. హ్యాండిల్ అందుకుని లోపలికి లాగింది. అతను గట్టిగా పట్టుకున్నాడు. పట్టుకున్నాననే అనుకున్నాడు. ఎప్పుడు జారిందో కూడా తెలియలేదు.

ఆమె గుమ్మంలో ఒక్క క్షణం ఆగి సందులోకి చూసింది. ఒళ్ళు జలదరించినట్టు భుజాలు ముడుచుకుంది.

"అన్నా... ఇక్కడ ఎవరో నిలబడ్డట్టుంది."

"ఉంటే ఉండనీ, పలకరించకు" అంది లోపల్నుంచి జుహైర్ గొంతు, కంచంలోంచి ఏదో తీసుకుంటూ. "రమ్మంటే వచ్చేస్తారు."

డోర్సాఫ్ తలుపు వేసి, గడియ పెట్టింది.